బోరు బండి మీద ఒక గేము చేయండి: గేములు తయారు చేస్తున్న సీమ పిల్లలకు బహిరంగ లేఖ

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

కర్నూలు పాతబస్తీలో నాకొక చిన్న షాపు ఉంది. జిరాక్సు, ప్రింటౌట్లు, లామినేషన్, ఆన్‌లైన్ దరఖాస్తులు. పోయిన నెల ఇద్దరు ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీయించుకోడానికి వచ్చారు. స్పైరల్ బైండింగ్ వేస్తూ పేజీలు తిప్పాను. వాళ్లు చేస్తున్నది ఒక గేము. అమెరికా లాంటి ఏదో నగరం, ఎత్తైన బిల్డింగులు, స్పోర్ట్స్ కార్లు, తుపాకులు. కష్టపడి చేశారు, పనిలో వంక పెట్టేది ఏమీ లేదు. "కథ మన కర్నూల్లో పెట్టకూడదా?" అని అడిగాను. "మన ఊర్లో గేము చేసేంత ఏముందన్నా?" అన్నాడు ఒకడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. కౌంటర్ ముందు ఆధార్ కార్డులు పట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు. జవాబు చెప్పే తీరిక లేక బైండింగ్ చేతికిచ్చి పంపించేశాను.

ఆ జవాబే ఈ ఉత్తరం. ఆ ఇద్దరికే కాదు, కర్నూల్లోనో కడపలోనో అనంతపురంలోనో ఒక గదిలో కూర్చుని గేములు తయారు చేయడం నేర్చుకుంటున్న అందరికీ రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్తాను. 2009కి ముందు ఇదే గదిలో నెట్ సెంటర్ నడిపాను. 6 సిస్టమ్‌లు, ప్లైవుడ్ క్యాబిన్లు, గంటకు 20 రూపాయలు. సాయంత్రం స్కూళ్లు వదిలితే పిల్లలు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ గేము కోసం లైను కట్టేవాళ్లు. నేను పక్కన నిలబడి చూసేవాణ్ణే కానీ, ఆడేంత సమయం ఉండేది కాదు. ఇప్పుడు నలభై దాటాక, ఈ ఏడాదిగా, రాత్రి షట్టర్ దించిన తర్వాత రెండు గంటలు ఆడుతున్నాను. డిస్కౌంటు ఉన్నప్పుడు స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల షాపులో కొనుక్కుంటాను. ఒక రకమని లేదు, దొరికినవన్నీ ఆడాను. ఆడేకొద్దీ ఒకటి అర్థమైంది. నన్ను పట్టి కూర్చోబెట్టిన గేములు చేసినవాళ్లు ఏదో ఒక్క పనిని, ఒక్క చోటును బాగా తెలిసినవాళ్లు. అంతకుమించి వాళ్ల దగ్గర పెద్దగా ఏమీ లేదు, చాలామందికి డబ్బు కూడా లేదు.

పేపర్స్, ప్లీజ్ అనే గేము 2013లో వచ్చింది. లూకస్ పోప్ అనే ఆయన ఒక్కడే చేశాడు. అందులో మనం ఒక సరిహద్దు చెక్‌పోస్టులో గుమాస్తాలం. సంవత్సరం 1982, దేశం ఎక్కడా లేని ఆర్‌స్టోట్జ్‌కా. వచ్చినవాళ్ల పాస్‌పోర్టు చూడాలి, గడువు చూడాలి, ఫొటోకీ మొహానికీ పోల్చాలి, ముద్ర వేయాలి. ఆట అంతా ఇదే. ఎంతమందిని చూస్తే అంత జీతం. రోజు అయిపోయాక ఆ డబ్బును ఇంటి అద్దెకు, తిండికి, చలికాలపు వేడికి పంచాలి. సరిపోకపోతే ఇంట్లో ఎవరో ఒకరికి జబ్బు చేస్తుంది. ఒక రోజు ఒక ముసలాయన వస్తాడు. కాగితాలు సరిగ్గా ఉంటాయి, పంపేస్తాం. వెనకే ఆయన భార్య. ఆమె దగ్గర అనుమతి పత్రం లేదు. పంపితే తప్పు రాసుకుంటారు. రోజులో మొదటి రెండు తప్పులకు హెచ్చరికతో వదులుతారు, ఆ తర్వాత జీతంలో కోత పడుతుంది.

నేను మౌస్ వదిలేసి కాసేపు అట్లే కూర్చున్నాను. అది నా కౌంటరే. పొద్దున్నే ఒక అవ్వ పింఛను కోసం వచ్చింది. ఒక కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకొక దాంట్లో వెనక. పుట్టిన సంవత్సరంలో మూడేళ్ల తేడా. "నేను ఉండేదొకటే మనిషిని గదా నాయనా" అంది. నాకు జాలి ఉంది, కానీ స్క్రీన్ మీద ఎర్ర గీత వచ్చి ఆగిపోతోంది, వెనక లైను పెరుగుతోంది. పోప్‌కు ఈ ఆలోచన విమానాశ్రయాల్లో పాస్‌పోర్టు లైన్లలో నిలబడినప్పుడు వచ్చిందట. అందరం నిలబడేదే ఆ లైన్లో. ఆయన దాన్ని శ్రద్ధగా చూశాడు. మీరు ఏ ఆఫీసు వరండాలోనో, ఏ కౌంటర్ ముందరో గంటలు గంటలు నిలబడి ఉంటారు. దాన్ని గేముగా చూశారా ఎప్పుడైనా?

మా నాన్న లారీ డ్రైవరు. బేతంచెర్ల బండలు లోడేసుకుని హైదరాబాదుకు తోలేవాడు. అప్పుడు ఆ రోడ్డును ఏడో నంబరు హైవే అనేవాళ్లు, ఇప్పుడు 44. ఇప్పుడాయనకు మోకాళ్లు పట్టేసి ఇంట్లోనే ఉంటాడు. ఒక ఆదివారం షాపుకు తీసుకొచ్చి యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 చూపించాను. చెక్ రాజధాని ప్రాగ్‌లోని ఒక కంపెనీ 2012లో తెచ్చిన గేము అది. యూరప్ రోడ్ల మీద సరుకు ఎక్కించుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చడమే పని. వేగం మించితే జరిమానా, నిద్ర పోకుండా తోలినా జరిమానా. నాన్న మొదట అడిగిన మాట "లోడెంత?" అని. 20 టన్నులని చెప్పాను. మలుపు దగ్గర నేను బ్రేకు ఆలస్యంగా వేస్తే ఆయన కాలు కుర్చీ కింద నేలను నొక్కింది. చేతులు స్టీరింగు పట్టుకున్నట్టే లేచాయి. వాన మొదలైంది, వైపర్లు వేశాను. "ఇట్లాంటి వానలోనే డోన్ దగ్గర ఒకసారి రాత్రంతా ఆపుకున్నా" అని, నేనెప్పుడూ వినని కథ ఒకటి చెప్పాడు. క్లీనర్ పిల్లోడికి జ్వరం, దగ్గర్లో మందులు లేవు, ధాబా అతను అన్నం పెట్టి డబ్బు తీసుకోలేదు. నలభై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ కథ బయటికి రావడానికి ఒక గేము కావాల్సి వచ్చింది.

కాసేపాగి "దీంట్లో క్లీనర్ లేడేంరా?" అన్నాడు నాన్న. నిజమే, లేడు. యూరప్ లారీలో డ్రైవర్ ఒక్కడే. మన లారీలో ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు. వెనక్కి తీసేటప్పుడు కిందికి దిగి బాడీ మీద తడుతూ "రానీ రానీ" అనే మనిషి కావాలి. ఆ మనిషిని ప్రాగ్‌లో కూర్చున్నవాళ్లు పెట్టలేరు. అతని సంగతి తెలిసింది మీకే.

సిటీస్: స్కైలైన్స్ గురించి రాయడం నాకు కొంచెం కష్టం. 2015లో ఫిన్లాండ్‌కు చెందిన ఒక చిన్న బృందం చేసిన గేము. నగరం కట్టాలి. రోడ్లు, కరెంటు, నీళ్లు, మురుగు. నది దగ్గర నీళ్ల పంపు ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. మురుగు కలిసే చోటుకు దిగువన పెట్టామా, ఊరంతా జబ్బున పడుతుంది. ప్రవాహం ఎటు పోతుందో బాణం గుర్తులు చూపిస్తాయి. ఆనకట్ట కూడా కట్టొచ్చు. నేను కట్టాను. నీళ్లు మెల్లగా వెనక్కి తన్ని ఒడ్డున ఉన్న వీధిలోకి వచ్చాయి. నేను గేము ఆపేశాను.

2009 అక్టోబర్ 2. గాంధీ జయంతి, షాపు మూసి ఉంది. పక్కన తుంగభద్ర, ఊరి మధ్యలో హంద్రీ, కింద శ్రీశైలం వెనక జలాలు. అన్నీ కలిసి కర్నూలు మీదికి వచ్చాయి. మేము మిద్దె మీద ఉన్నాం. నీళ్లు తీశాక షట్టర్ పైకెత్తితే 6 సిస్టమ్‌లూ బురదలో పడి ఉన్నాయి. ఒక సీపీయూ మూత విప్పితే లోపల అంతా ఒండ్రుమట్టి. నెట్ సెంటర్ ఆ రోజుతో అయిపోయింది. మళ్లీ అప్పు చేసి ఒక జిరాక్సు మిషనుతో మొదలుపెట్టాను.

ఆ గేము నీళ్లను ఎంత బాగా చూపిస్తుందో చెప్పలేను, నాకు ఊపిరి ఆడలేదు. కానీ మనుషులు లేరు అందులో. ఉన్నారు, ఒక మనిషి మీద నొక్కితే పేరు కూడా కనిపిస్తుంది. అయితే నీళ్లు వచ్చినప్పుడు మిద్దె ఎక్కి పక్కింటివాళ్లను పిలిచేవాళ్లు లేరు. ఆ సాయంత్రం మాకు దొరికింది గంట కూడా కాదు. ఆ గంటలో ఏం పైకి మోయాలి? పొలం పాస్‌బుక్కు, బియ్యం మూట, నడవలేని నాయనమ్మ, సర్టిఫికెట్ల ఫైలు, మేక. ఒక్కో దానికి ఒక్కో బరువు, మెట్లెక్కిన ప్రతిసారీ ఇంకో మెట్టు మునిగి ఉంటుంది. మా అమ్మ మొదట నాయనమ్మను, తర్వాత పొయ్యి మీదున్న అన్నం గిన్నెను తెచ్చింది. ఆ గిన్నెతోనే ఆ రాత్రి మూడిళ్లవాళ్లు తిన్నారు. నేను మాత్రం ఫైలు తెచ్చాను. ఇప్పటికీ రాత్రుళ్లు ఆ మెట్లు గుర్తొస్తాయి. దీన్ని కర్నూలు పిల్లలు కాక ఇంకెవరు చేస్తారు?

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే కుర్రాడు నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని బొమ్మలు, పాటలు, కోడు అన్నీ తనే చేసి 2016లో విడుదల చేశాడు. తాత వదిలిపోయిన పొలానికి పోయి సేద్యం చేయాలి. ఏడాదికి నాలుగు రుతువులు, ఒక్కోటి 28 రోజులు. గింజ నాటి నీళ్లు పోస్తే మొలక వస్తుంది. ఈ గేమంటే నాకు ప్రాణం. మా ఆవిడ కూడా ఆడుతుంది. పొలం చుట్టూ ఆమె వేసిన పూల వరుస చూసి నేను ఆశ్చర్యపోయాను. పొద్దున లేచి టీవీ పెడితే రేపు వాన ఉందో లేదో చెప్తారు. చెప్పింది తప్పదు. పంట పెట్టెలో వేస్తే ఎప్పుడూ అదే ధర. చెరువు ఎండదు. అప్పులవాడు ఇంటికి రాడు.

ఆడుతున్నంతసేపూ హాయిగా ఉంటుంది. ఆపాక పత్తికొండ దగ్గర ఉండే మా మామ గుర్తొస్తాడు. టమోటా వేస్తాడు. ఒక వారం పెట్టె తీసుకోడానికి వ్యాపారులు పోటీ పడతారు, ఇంకో వారం కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తారు. ఆయన మూడు బోర్లు వేశాడు. మూడోది వేసిన రోజు నేనూ అక్కడ ఉన్నాను. నేను ఇంతవరకూ ఆడిన ఏ గేములోనూ ఆ రోజు పడినంత టెన్షన్ పడలేదు.

ముందు బోరు ఎక్కడ వేయాలో పాయింటు చూడాలి. నీళ్లు చూసేటాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచాడు. కాయ నిలబడిన చోట రాయి పెట్టాడు. మా బావమరిది నీళ్లు చూసే మిషను తెచ్చేవాళ్లను పిలుద్దామన్నాడు, ఆ మిషను చూపించిన చోటు వేరే. రెంటిలో ఏది నమ్మాలి? రాత్రి బోరు బండి వచ్చింది, తమిళనాడు తిరుచెంగోడు బండి. అత్త పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. అడుగుకింత రేటు. లోతు పోయేకొద్దీ రేటు పెరుగుతుంది. పైమట్టి కూలకుండా దించే కేసింగు పైపుకు డబ్బు వేరే. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది. పొడి దుమ్ము తెల్లగా లేస్తోంది. 300 అడుగుల దగ్గర పొడి కాస్త తడిగా వచ్చింది. అందరం లేచి నిలబడ్డాం. మామ ఆ పొడిని పిడికిట్లో పట్టి పిసికి చూశాడు. మళ్లీ పొడి దుమ్మే. 500 అయింది. బండి ఆపరేటర్ అరిచాడు, "ఇంకో రాడ్డు దించాల్నా, ఆపాల్నా?" ఆపితే ఇంతవరకూ పెట్టింది పోయినట్టే. దించితే ఇంకా పోవచ్చు. నీళ్లు ఒక్క రాడ్డు కిందే ఉండొచ్చు. మామ అత్త వైపు చూశాడు. అత్త కమ్మలు ఉన్న చెవిని తడుముకుంది. "దించు" అన్నాడు. అట్లా 700 అడుగుల దాకా పోయారు. నీళ్లు పడలేదు.

ఇందులో గేము ఎక్కడుందని అడుగుతారా? నొక్కడానికి ఒకే బటన్: ఇంకో రాడ్డు. నొక్కిన ప్రతిసారీ డబ్బు తగ్గుతుంది. కింద రాయి రంగు మారుతుంది, దుమ్ము తడి మారుతుంది, వాటిని చదవడం ఆటగాడు నేర్చుకోవాలి. పక్క పొలంలో బోరు ఎంత లోతులో పడిందో ఊర్లోవాళ్లను అడిగి తెలుసుకోవాలి, కొందరు సరిగ్గా చెప్పరు. పడితే ఆ శబ్దం! నీళ్లు రాడ్ల పైకి చిమ్మితే పిల్లలు ఆ బురదలో గంతులేస్తారు, ముసలాయన చొక్కా తడుపుకుంటూ అక్కడే నిలబడతాడు. అనంతపురం జిల్లాలో ఈ ఆట ఆడని ఇల్లు ఉంటుందా? ఇంజినీరింగ్ మూడో ఏడాది పిల్లలు ఇద్దరు కూర్చుంటే ఒక సెలవుల్లో మొదటి రూపం వస్తుంది. పెద్ద నగరం గీయక్కర్లేదు. ఒక పొలం, ఒక బండి, ఒక కుటుంబం చాలు.

ఇంకా ఉన్నాయి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో, అటు వజ్రకరూరులో జనం వంగి వజ్రాలు వెతుకుతారు. మైన్‌క్రాఫ్ట్ గేములో వజ్రం కోసం పాతాళం దాకా తవ్వే పిల్లలకు, వానకు కడిగిన నేల మీద ఎర్రమట్టిలో మెరిసేదాన్ని వెతకడం ఎంత వేరుగా ఉంటుందో ఆలోచించండి. హాలో నైట్ ఆడారా? ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కొద్దిమంది కలిసి 2017లో తెచ్చారు. భూమి కింద ఒక పాడుబడిన రాజ్యం. ఒక్కో చోటికి పోయినప్పుడు మనకు పటం ఉండదు. పటం గీసే ఆయన ఎక్కడో కూనిరాగం తీస్తూ కూర్చుని ఉంటాడు, ఆ రాగం విని వెతుక్కుంటూ పోవాలి. నాకు వెంటనే బెలుం గుహలు గుర్తొచ్చాయి. 3 కిలోమీటర్లకు పైగా పొడవు, రాతి మీద తడితే స్వరాలు పలికే చోటు, అట్టడుగున పాతాళగంగ. మా నాన్న లోడేసిన బండలూ ఆ గుహలూ సున్నపురాయే. అక్కడ మనకొక గేము ఉందని ఎవరికీ తట్టలేదు.

భాష గురించి ఒక మాట. వెన్బా అని 2023లో వచ్చింది. కెనడాకు వలస పోయిన ఒక తమిళ కుటుంబం కథ. 1980లలో మొదలవుతుంది. ఆటంతా వంటే. అమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం చిరిగి, తడిసి, అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. మిగిలిన ముక్కలు చూసి ఆ వంట ఎలా చేయాలో మనమే కనిపెట్టాలి. మొదటి వంట ఇడ్లీ. ఇడ్లీ రేకులు ఒకదానిమీద ఒకటి ఎలా పేర్చాలో తేల్చాలి. మా ఆవిడ చూసిన వెంటనే పేర్చేసింది, నేను రెండుసార్లు తప్పాను. రెండు గంటలు కూడా పట్టని గేము. కొడుకు పెద్దయ్యాక అమ్మ భాష ముందు తడబడతాడు. అక్కడ మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. మన ఇంట్లో ఉగ్గాని కూడా అట్లాంటిదే కదా అంది. బొరుగులు ఎంతసేపు నానాలో, ఎప్పుడు పిండాలో పుస్తకంలో ఉండదు, చేతికే తెలుస్తుంది.

అందుకే తెలుగులో రాయండి. సీమ తెలుగులో రాయండి. "యాడికి పోతాండావు" అని మన మాట తెర మీద వినబడిందంటే చేతిలో వేటకొడవలి ఉండాల్సిందే అన్నట్టు చేశారు ఇన్నాళ్లూ. నాకది బాధ. మా అవ్వ అదే మాటతో నన్ను స్కూలుకు పంపింది. మా మామ అదే మాటతో బోరు బండి ఆపరేటర్‌ను బతిమాలాడు. గేములోనైనా ఆ మాట మామూలు మనుషుల నోట వినబడాలి. గేములు తయారు చేసే సాఫ్ట్‌వేర్లు, అదే ఇంజిన్లు, కొన్నిటిలో తెలుగు పెడితే వత్తులు విడిపోయి, గుణింతాలు ఎక్కడో తేలుతాయని మా షాపుకు వచ్చే పిల్లలు చెప్పారు. గోడో ఇంజిన్ 4వ వెర్షన్ 2023లో వచ్చింది, మన లాంటి లిపులను సరిగ్గా కూర్చే ఏర్పాటు అందులో ఉంది. డబ్బు కట్టక్కర్లేదు. ఇంగ్లీషులోనే చేయాలనడానికి అదొక కారణంగా చెప్పకండి.

చిన్న సిస్టమ్‌లలో నడిచేలా చేయండి. మన దగ్గర చాలా ఇళ్లలో 4 జీబీ ర్యామ్ దాటి లేదు. ఇంకోటి, మా అమ్మాయి ఏడో తరగతి, సెలెస్ట్ ఆడుతుంది. 2018లో వచ్చింది, కొండ ఎక్కే ఆట, చాలా కష్టం. ఎన్నిసార్లు పడితే అన్నిసార్లూ రెప్పపాటులో అక్కడే నిలబెడుతుంది. ఇంకా కష్టమైతే వేగం తగ్గించుకునే వీలు ఉంది, దానికి ఎవరూ చిన్నచూపు చూడరు. మా నాన్న వయసు వాళ్లు ఆడేలా మీరు కూడా అట్లాంటిది పెట్టండి.

ఆదివారం మధ్యాహ్నం నా షాపు మూసి ఉంటుంది, లోపల మూడు సిస్టమ్‌లు ఖాళీ. సగం చేసిన గేమైనా సరే పెన్‌డ్రైవులో తీసుకురండి. నేనూ, నాన్నా, మా అమ్మాయీ కూర్చుని ఆడతాం. ఎక్కడ తప్పు ఉందో చెప్తాం. బోరు బండి గేము ఎవరైనా మొదలుపెడితే పత్తికొండ మామను కూడా పిలిపిస్తాను. దుమ్ము ఏ రంగు నుంచి ఏ రంగుకు మారుతుందో ఆయన చెప్తాడు.

మీ అన్న,
కర్నూలు